ఈసీఐఎల్ నుంచి ఏన్కూరు దాకా: ఒక సంస్థ, మూడు యంత్రాలు

2023 నవంబరు 30న తెలంగాణ శాసనసభకు పోలింగ్ జరిగింది. ఖమ్మం జిల్లా ఏన్కూరు మండలంలో ఓటర్లకు సాయంత్రం అయిదు గంటల దాకా గడువుంది. అక్కణ్ణుంచి అడవి వైపు దారి పట్టి, జూలూరుపాడు దాటి కొత్తగూడెం నియోజకవర్గంలోకి వెళితే ఆ గడువు నాలుగింటికే ముగిసింది. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాలుగా గుర్తించిన 13 నియోజకవర్గాల్లో ఆ రోజు పోలింగ్ గంట ముందే ఆపేశారు. కొత్తగూడెం, ఇల్లందు, పినపాక, అశ్వారావుపేట, భద్రాచలం ఆ జాబితాలోవే. ఏన్కూరు ఉన్న వైరా నియోజకవర్గం ఆ జాబితాలో లేదు.

గడియారంలో తేడా వచ్చింది గానీ బల్ల మీద యంత్రంలో తేడా లేదు. అడవికి ఇటూ అటూ ఓటరు నొక్కింది ఒకే రకం మీట, విన్నది ఒకే బీప్ శబ్దం. ఈ యంత్రాలను దేశంలో తయారు చేసేవి రెండే సంస్థలు. ఒకటి బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్. రెండోది హైదరాబాద్‌లోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా. ఈ రెండో పేరును పూర్తిగా పలికేవాళ్లు తక్కువ. సిటీ బస్సు బోర్డు మీదా, కూడలి పేరులోనూ, ఇంటి చిరునామాలోనూ అది 'ఈసీఐఎల్' మాత్రమే. హైదరాబాద్‌లో అదొక బస్టాపు. దేశ చరిత్రలో అది కంప్యూటర్, టెలివిజన్, ఓటింగ్ యంత్రం మూడింటినీ ఒకే గొడుగు కింద చేసిన ప్రభుత్వ కంపెనీ.

ఆ మూడింటిలో మొదటి రెండూ మార్కెట్ నుంచి తప్పుకున్నాయి. మూడోది ఏన్కూరు బడిగది దాకా వచ్చింది. ఎందుకలా జరిగిందన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న. కంపెనీల చరిత్రను మామూలుగా చేసినవాళ్ల వైపు నుంచి రాస్తారు. ఈసీఐఎల్ కథ కొన్నవాళ్ల వైపు నుంచి చదివితేనే తేటపడుతుంది.

మొగల్లు నుంచి మౌలాలి పక్కకు

ఈసీఐఎల్ స్థాపకుడు అయ్యగారి సాంబశివరావు. లోకం ఎరిగిన పేరు ఎ.ఎస్. రావు. 1914లో నేటి పశ్చిమగోదావరి జిల్లా భీమవరం దగ్గరి మొగల్లులో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి, టాటా విద్యార్థి వేతనంతో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్‌కు వెళ్లి ఇంజనీరింగ్ పట్టా తెచ్చుకున్నారు. తిరిగొచ్చాక హోమీ భాభా దగ్గర చేరారు. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో 'అప్సర' అణు రియాక్టరు పని మొదలుపెట్టింది. సోవియట్ భూభాగాన్ని మినహాయిస్తే ఆసియాలో అదే మొదటిది. దాని నియంత్రణ వ్యవస్థను రూపొందించిన ఎలక్ట్రానిక్స్ విభాగానికి పెద్ద రావుగారే.

రియాక్టరు నడపాలంటే లోపలి వికిరణాన్ని క్షణక్షణం కొలవాలి. కొలిచే పరికరాలు బయటి దేశాల నుంచి తెప్పించుకోవడం ఖర్చుతోనూ ఆలస్యంతోనూ కూడిన పని. రేపు వాళ్లు ఇవ్వం అంటే చేసేదేమీ ఉండదు. అందుకే ట్రాంబేలో పరికరాలను తామే తయారు చేసుకునే అలవాటు మొదలైంది. ఈసీఐఎల్‌కు విత్తనం ఈ అలవాటే.

దానికి నీరు పోసింది 1962 చైనా యుద్ధం. సరిహద్దు కొండల్లో సైనికుల చేతిలో సరైన రేడియోలు లేవన్న సంగతి ఢిల్లీకి ఆలస్యంగా అర్థమైంది. 1963 ఆగస్టులో కేంద్రం భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీ వేసింది. విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం, ఎ.ఎస్. రావు అందులో సభ్యులు. నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్లు. 1966 జనవరిలో విమాన ప్రమాదంలో భాభా పోయారు. కమిటీ నివేదిక ఆ తర్వాత వెలుగు చూసింది. ఎలక్ట్రానిక్స్‌లో దేశం సొంత కాళ్ల మీద నిలబడాలన్నది దాని సారాంశం.

1967 ఏప్రిల్ 11న అణుశక్తి శాఖ కింద ఈసీఐఎల్ పుట్టింది. ట్రాంబే ప్రయోగశాలలో నమూనాగా మొదలైనవాటిని ఫ్యాక్టరీలో వందల్లో, వేలల్లో చేయాలన్నది దాని పని. మౌలాలి, చర్లపల్లి వైపున ఆనాడు బోసిగా ఉన్న నేల మీద ఫ్యాక్టరీ లేచింది. పక్కనే ఉద్యోగుల కాలనీ వచ్చింది. తర్వాత ఆ చుట్టుపక్కల పెరిగిన ఒక పేటకు ఎ.ఎస్. రావు నగర్ అని పేరు పెట్టుకున్నారు. కంపెనీ పేరు కూడలికీ, స్థాపకుడి పేరు పేటకూ దక్కాయి. 1971లో అదే శాఖ కింద ఆ పక్కనే అణు ఇంధన సముదాయం ఏర్పడింది. రెండు దశాబ్దాల తర్వాత ఆ శాఖ గోదావరి ఒడ్డుకూ చేరింది. మణుగూరు దగ్గర అశ్వాపురంలో భారజల కర్మాగారం నెలకొల్పింది. అణుశక్తి పటం మీద హైదరాబాద్‌నూ భద్రాచలం అడవి అంచునూ కలిపే గీత అలా పడింది.

మొదటి యంత్రం: లెక్కలు చేసే బీరువా

1969లో ట్రాంబేలో టీడీసీ-12 అనే కంప్యూటర్ పని మొదలుపెట్టింది. పేరులోని 'టీ' ట్రాంబే. '12' అంటే ఆ యంత్రం ఒక్కో మాటను పన్నెండు సున్నా, ఒకట్ల వరుసగా చదువుతుందని. ఈసీఐఎల్ దాన్ని అమ్మకానికి తయారు చేసింది. 1974లో టీడీసీ-312, 1975లో 16 బిట్ల టీడీసీ-316 వచ్చాయి. 1978లో మైక్రోప్రాసెసర్‌తో పనిచేసే మైక్రో-78 వచ్చింది. ఇవి విశ్వవిద్యాలయాలకూ, పరిశోధనశాలలకూ, ప్రభుత్వ సంస్థలకూ వెళ్లాయి.

ఈనాడు జేబులో ఫోను పెట్టుకుని తిరిగేవాడికి ఆ యంత్రాల రూపం ఊహకందదు. ఒక్కోటి బీరువా అంత ఉండేది. దాని జ్ఞాపకశక్తి చిప్పుల్లో ఉండేది కాదు. ఆవగింజంత ఫెరైట్ వలయాలను సన్నటి రాగి తీగల మీద గుచ్చి వలలా అల్లేవాళ్లు. ఒక్కో వలయం ఒక్కో బిట్టు. తీగలో కరెంటు ఏ దిక్కుకు పారితే వలయం ఆ దిక్కు అయస్కాంతమవుతుంది. ఒక దిక్కు సున్నా, రెండో దిక్కు ఒకటి. కళ్లకు భూతద్దం పెట్టుకుని చేతులతో చేసే అల్లిక పని అది.

యంత్రం ఒక్కటే ఉంటే చాలదు. దానికి మాట నేర్పే ప్రోగ్రాములు కావాలి. టీడీసీ-12ను బయటి దేశపు కంపెనీ లైసెన్సు కింద చేయలేదు. అందుచేత దాని సాఫ్ట్‌వేర్‌ను కూడా ఇక్కడి ఇంజనీర్లే రాసుకోవలసి వచ్చింది. ఫోర్ట్రాన్‌లో రాసిన ప్రోగ్రామును ఆ యంత్రం అర్థం చేసుకునేలా మార్చే కంపైలరు సైతం వాళ్లదే. హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ అనే విభజన మనకు అలవాటైంది గానీ, ఆనాటి ఈసీఐఎల్‌లో ఆ రెంటి మధ్య గోడ లేదు. సోల్డరింగ్ చేసిన చేతికీ ప్రోగ్రాము రాసిన చేతికీ మధ్య ఒక బల్ల దూరం.

1970వ దశకం మొదట్లో కేంద్రం ఎలక్ట్రానిక్స్ శాఖను, ఎలక్ట్రానిక్స్ కమిషన్‌ను ఏర్పాటు చేసింది. దేశంలో కంప్యూటర్ల తయారీని ప్రధానంగా ఈసీఐఎల్ భుజాన పెట్టింది. దిగుమతికి అనుమతి దొరకడం కష్టం గనక కొనేవాడు ఈసీఐఎల్ గుమ్మంలోకి రాక తప్పేది కాదు. ఇది సంస్థకు బలమూ అయింది, బలహీనతా అయింది. ప్రపంచంలో కంప్యూటర్ ధర ఏడాదికేడాది పడిపోతున్న కాలమది. ఇక్కడ తయారయ్యే యంత్రంలో విడిభాగాలు చాలావరకు బయటివే. వాటికి సుంకం కట్టి, అనుమతుల కోసం తిరిగి, యంత్రం పూర్తయ్యేసరికి అక్కడ దానికన్నా చౌకదీ వేగవంతమైందీ వచ్చేసేది.

1978 మలుపు. విదేశీ మారక నియంత్రణ చట్టం ప్రకారం వాటా తగ్గించుకోవడానికి ఒప్పుకోని ఐబీఎం ఆ ఏడాది దేశం విడిచి వెళ్లింది. ఐబీఎం యంత్రాల నిర్వహణ భారం 1975లో ఏర్పడిన మరో ప్రభుత్వ సంస్థ సీఎంసీ మీద పడింది. అదే కాలంలో చిన్న కంప్యూటర్ల తయారీకి ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచారు. 1976లో పుట్టిన హెచ్‌సీఎల్ వంటివి రంగంలోకి దిగాయి. కొద్ది ఏళ్లలోనే ఈసీఐఎల్ వాటా బాగా పడిపోయింది. 1984 నవంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం ప్రకటించిన కొత్త కంప్యూటర్ విధానంతో విడిభాగాల దిగుమతి సులువైంది. సామాన్య అవసరాల కంప్యూటర్ అన్నది ఇక ఈసీఐఎల్ సరుకు కాకుండా పోయింది.

ఏన్కూరు వైపు నుంచి చూస్తే ఈ అధ్యాయం జరిగినట్టే తెలియదు. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాలను తీసేసి మండలాలు పెట్టింది. మండల కార్యాలయాల్లో కంప్యూటర్ కనబడటానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 1998లో రిజిస్ట్రేషన్ కార్యాలయాల కంప్యూటరీకరణ మొదలైంది, 2011 నవంబరులో మీసేవ వచ్చింది. కుల ధ్రువపత్రానికో పహాణీ నకలుకో జనం మీసేవ కౌంటరు ముందు నిలబడేనాటికి అక్కడి యంత్రం ప్రపంచమంతా వాడే మామూలు పీసీ. టీడీసీ వంశానికి దానితో చుట్టరికం లేదు.

రెండో యంత్రం: బొమ్మల పెట్టె

ఈసీఐఎల్ పేరు ఇళ్లలోకి వెళ్లింది కంప్యూటర్‌తో కాదు, 'ఈసీ టీవీ'తో. వాల్వుల కాలం పోయి ట్రాన్సిస్టర్ల కాలం వస్తున్నప్పుడు దేశంలో ఘనస్థితి టీవీలు చేసిన తొలి సంస్థల్లో ఇది ఒకటి. అణు రియాక్టరు పరికరాలు చేసే సంస్థ వినోదపు పెట్టె చేయడమేమిటన్న సందేహం సహజమే. బలహీనమైన సంకేతాన్ని పట్టి, పెంచి, చదవదగ్గట్టు చేయడమే ఆ రెండు యంత్రాల్లోనూ ముఖ్యమైన పని.

టీవీని ఊరికి చేర్చే విషయంలో ఈసీఐఎల్ చేసిన పెద్దపని 1975లో జరిగింది. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి మరుసటేడు జూలై 31 వరకు 'సైట్' అనే ప్రయోగం నడిచింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు మన దేశానికి అప్పిచ్చింది. ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెల్లో ఉపగ్రహం నుంచి నేరుగా కార్యక్రమాలు అందుకునే టీవీలు పెట్టాలని ఇస్రో నిర్ణయించింది. ఆ సెట్లు తయారు చేసింది ఈసీఐఎల్. మూడు మీటర్ల వెడల్పు గొడుగు లాంటి యాంటెన్నాను కోళ్లగూటికి వాడే ఇనుప జాలీతో చేశారు. పల్లెలో గాలికీ వానకూ తట్టుకోవాలి, ఖర్చు తక్కువ కావాలి, చెడితే ఊళ్లోనే బాగు చేసుకోగలగాలి. ఆ మూడు షరతులకూ జాలీ సరిపోయింది.

ఆంధ్రప్రదేశ్‌లో మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల పల్లెలు ఈ ప్రయోగంలో ఉన్నాయి. ఒకే దృశ్యం మీద రెండు ధ్వనులు పంపే ఏర్పాటు ఆ ఉపగ్రహంలో ఉండేది. దాంతో ఒకే బొమ్మను తెలుగు పల్లె తెలుగులో, కన్నడ పల్లె కన్నడలో చూసింది. సాయంత్రం బడి ముందో పంచాయతీ అరుగు మీదో జనం కూర్చుని పంటల గురించీ, ఆరోగ్యం గురించీ, కుటుంబ నియంత్రణ గురించీ విన్నారు. ఏడాది తిరిగేసరికి ఉపగ్రహం గడువు తీరింది, పల్లె తెరలు ఖాళీ అయ్యాయి.

1977 అక్టోబరు 23న హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రాన్ని రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి ప్రారంభించారు. నగరంలో యాంటెన్నాలు లేచాయి. 1982 ఆసియా క్రీడలతో రంగుల ప్రసారం వచ్చింది. 1983లో ఇన్‌శాట్-1బి పైకెళ్లాక చిన్న ప్రసార కేంద్రాలు జిల్లాల్లో పుట్టగొడుగుల్లా వెలిశాయి. టీవీ అమ్మకం పెరిగిన కొద్దీ తయారు చేసేవాళ్లూ పెరిగారు. 1991 తర్వాత సుంకాలు తగ్గి విదేశీ కంపెనీలు వచ్చాక ఈసీ టీవీ ఆ పోటీలో నిలవలేదు. ప్రకటనలు, డీలర్ల కమిషన్లు, ఏటా మారే మోడళ్లు, కంతుల మీద అమ్మకం అన్నవి అణుశక్తి శాఖ గుమాస్తా లెక్కల్లో ఇమిడేవి కావు. ఇంటికి సరుకు అమ్మడం ఒక విద్య. ఈసీఐఎల్ ఆ విద్యలో పుట్టలేదు.

రెండు యంత్రాల కథలోనూ ఒకటే తీరు కనబడుతుంది. కొనేవాడికి వేరే దారి లేనంతకాలం సరుకు నడిచింది. దారి దొరికిన రోజున ఆగిపోయింది. అయితే ఇంకో సంగతీ ఉంది. రెండింటిలో మంచి పేరు తెచ్చుకున్న పని సైట్ సెట్లది. ఎవరికోసం, ఎక్కడ, ఏ కరెంటు మీద, ఎవరి చేతిలో అన్న ప్రశ్నలు ముందే వేసుకుని చేసిన పని అది. మూడో యంత్రానికి ఆ ప్రశ్నలే పునాది అయ్యాయి.

మూడో యంత్రం: మీట

1951-52 తొలి సార్వత్రిక ఎన్నికల్లో ఓటరు కాగితం మీద ముద్ర వేయలేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో ఇనుప పెట్టె. పెట్టె మీద గుర్తు. తనకు నచ్చిన గుర్తున్న పెట్టెలో కాగితం వేసి రావడమే ఓటు. అప్పటికి ఖమ్మం వరంగల్ జిల్లాలో భాగం, హైదరాబాద్ రాష్ట్రంలోది. జిల్లాగా విడిపోయింది 1953లో. ఆనాటి ఇనుప పెట్టెలు చేసిన సంస్థల్లో బొంబాయి గోద్రెజ్‌తో పాటు మన హైదరాబాద్ ఆల్విన్ కూడా ఉంది. ఫ్రిజ్‌లకూ బస్సు బాడీలకూ వాచీలకూ పేరుపడ్డ ఆల్విన్ 1942లో మొదలైంది. ఓటు పెట్టె చేసిన ఊరే పాతికేళ్ల తర్వాత ఓటు యంత్రానికి పూనుకుంది.

ఒకే కాగితం మీద అందరి పేర్లూ అచ్చేసి స్వస్తిక్ ముద్ర వేయించే పద్ధతి తర్వాత వచ్చింది. దాని కష్టాలు అందరికీ తెలుసు. ముద్ర రెండు గడుల మధ్య పడితే ఓటు చెల్లదు. మడతలో సిరా అవతలికి అంటితే తగవు. లెక్కింపు రాత్రింబగళ్లు సాగేది. బలమున్నవాడు బూత్‌లోకి జొరబడితే అరగంటలో పుస్తకం పుస్తకం గుద్దేయగలడు.

1977లో ప్రధాన ఎన్నికల కమిషనర్ ఎస్.ఎల్. శక్ధర్ దీనికి ఎలక్ట్రానిక్ మార్గం ఉందా అని ఆలోచించారు. ఆ పని ఈసీఐఎల్‌కు అప్పగించారు. 1979లో నమూనా సిద్ధమైంది. 1980 ఆగస్టు 6న ఎన్నికల సంఘం దాన్ని రాజకీయ పార్టీల ప్రతినిధుల ముందు పెట్టింది. తర్వాత బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా ఇందులో చేరింది.

1982 మే 19న కేరళలోని పరవూరు శాసనసభ స్థానంలో 84 పోలింగ్ కేంద్రాలుంటే 50 కేంద్రాల్లో యంత్రాలు వాడారు. సీపీఐ అభ్యర్థి శివన్ పిళ్లై 123 ఓట్లతో గెలిచారు. ఓడిన కాంగ్రెస్ అభ్యర్థి ఎ.సి. జోస్ కోర్టుకెళ్లారు. యంత్రం మంచిదా చెడ్డదా అన్నది సుప్రీంకోర్టు ముందున్న అసలు ప్రశ్న కాలేదు. చట్టంలో బ్యాలెట్ కాగితం, బ్యాలెట్ పెట్టె అని ఉంది, యంత్రం మాట లేదు కనుక ఆ ఓటింగ్ చెల్లదని 1984లో తీర్పిచ్చింది. ఆ యాభై చోట్లా కాగితం మీద మళ్లీ పోలింగ్ జరిపితే జోస్ గెలిచారు. నాలుగేళ్ల తర్వాత, 1988 డిసెంబరులో, పార్లమెంటు ప్రజాప్రాతినిధ్య చట్టంలో 61ఎ సెక్షన్ చేర్చింది. 1989 మార్చి 15 నుంచి అది అమల్లోకి వచ్చింది. యంత్రం గోదాములో ఉండగా చట్టం దాన్ని అందుకోవడానికి ఇంతకాలం పట్టింది. వాడకానికి మరో దశాబ్దం పట్టింది. 1998 నవంబరులో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీల్లోని 16 శాసనసభ స్థానాల్లో, 1999లో కొన్ని లోక్‌సభ స్థానాల్లో వాడి చూశారు. 2004లో దేశంలోని 543 స్థానాలకూ ఇవే. ఏన్కూరు ఓటరు లోక్‌సభకూ, శాసనసభకూ మీట నొక్కింది ఆ ఎన్నికల్లోనే.

యంత్రం రూపాన్ని గమనిస్తే అది ఏ ఊళ్ల కోసం తయారైందో తెలుస్తుంది. నడవడానికి కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ చాలు. పేరు చదవలేనివాడికి గుర్తు ఉంది. చూపు లేనివాళ్ల కోసం మీట పక్కన బ్రెయిలీ అంకె ఉంది. నొక్కిన మీట పక్కన ఎర్ర దీపం వెలుగుతుంది, బీప్ మోగుతుంది. అధికారి బల్ల మీద కంట్రోల్ యూనిట్, అట్ట చాటున బ్యాలెట్ యూనిట్, రెంటికీ మధ్య అయిదు మీటర్ల తీగ. అధికారి తన వైపు మీట నొక్కితేనే ఓటరు వైపు యంత్రం తెరుచుకుంటుంది. ఒక్క ఓటు పడగానే మూసుకుంటుంది. నిమిషానికి నాలుగైదు ఓట్లకు మించి ఒప్పుకోదు కాబట్టి బూత్‌ను ఆక్రమించినవాడికీ అరగంట అరగంటే. ఫోను సంకేతం అందే ఏర్పాటు గానీ, బయటి నెట్‌వర్కుతో కలిసే తీగ గానీ అందులో లేదు. దీని బయటి రూపు తీర్చడంలో బొంబాయి ఐఐటీలోని ఇండస్ట్రియల్ డిజైన్ సెంటర్ అధ్యాపకుల చెయ్యి ఉంది.

టీడీసీ-316తో పోలిస్తే ఈ యంత్రం చేసే లెక్క చాలా చిన్నది. ఒకటి కూడటం, దాచుకోవడం, అడిగినప్పుడు చూపడం, అంతే. సంస్థ చేసిన వస్తువుల్లో తెలివి తక్కువదని చెప్పదగ్గ వస్తువే అన్నిటికన్నా ఎక్కువ దూరం నడిచింది.

కాగితం పోయింది, కాగితం వచ్చింది

కాగితానికీ యంత్రానికీ తేడా ఎంతో రెండు తెలంగాణ ఎన్నికలు చూపాయి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండలో ఫ్లోరైడ్ నీటి గోడు దేశానికి వినిపించాలని జనం మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది, పెట్టెలు చాలలేదు, పోలింగ్ వాయిదా వేయవలసి వచ్చింది. అప్పటికి లోక్‌సభ ధరావతు 500 రూపాయలు. ఆ ఏడాదే దాన్ని పదివేలకు పెంచారు.

2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు అదే దారి పట్టారు. 185 మంది పోటీలో మిగిలారు. ఈసారి వాయిదా లేదు. మూడో తరం యంత్రానికి 24 బ్యాలెట్ యూనిట్ల దాకా తగిలించవచ్చు. నిజామాబాద్‌లో ఒక్కో ఓటరు ముందు 12 యూనిట్లు వరుసగా పేర్చారు. పోలింగ్ ఏప్రిల్ 11న జరిగింది. ఈసీఐఎల్ పుట్టినరోజూ అదే.

అయితే యంత్రం మీద అనుమానాలు ఆగలేదు. వాటిని కొట్టిపారేయడం చరిత్రకారుడి పని కాదు. 2010లో హైదరాబాద్ ఇంజనీరు హరిప్రసాద్, అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన రాప్ గాంగ్రైప్ బృందం ఒక యంత్రాన్ని విప్పి చూసింది. యంత్రం చేతికి చిక్కితే లోపలి భాగాలు మార్చి ఫలితం తారుమారు చేయవచ్చని వాళ్లు వాదించారు. కాపలా, సీళ్లు, పార్టీల ఏజెంట్ల ముందు జరిగే మాక్ పోలింగ్ ఉండగా అది సాధ్యం కాదని ఎన్నికల సంఘం నిలబడింది. ఈ వాదనల నడుమ అసలు ప్రశ్న ఒకటి మిగిలింది. తన ఓటు తాను అనుకున్న చోటే పడిందని ఓటరుకు నమ్మకం కలిగించేదేమిటి?

జవాబుగా మళ్లీ కాగితమే వచ్చింది. ఓటు పడగానే గుర్తు, పేరు అచ్చయిన చీటీని అద్దం వెనక ఏడు సెకన్లు చూపి పెట్టెలోకి జార్చే వీవీప్యాట్‌ను 2013 సెప్టెంబరులో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికలో తొలిసారి వాడారు. నిష్పాక్షికమైన ఎన్నికలకు ఈ చీటీ తప్పనిసరి అని ఆ అక్టోబరు 8న సుప్రీంకోర్టు చెప్పింది. 2019 లోక్‌సభ ఎన్నికల నాటికి అన్ని కేంద్రాల్లోనూ అది వచ్చింది. చీటీలన్నీ లెక్కించాలన్న వినతిని 2024 ఏప్రిల్ 26న కోర్టు ఒప్పుకోలేదు. అయితే గుర్తులు నింపే యూనిట్లను ఫలితాల తర్వాత 45 రోజులు సీలు వేసి భద్రపరచాలని ఆదేశించింది. యంత్రం విషయంలో దేశం నమ్మకానికీ తనిఖీకీ మధ్య గీత గీస్తూ, చెరిపేస్తూ వస్తోందని ఈ పదేళ్ల తీర్పులు చెబుతున్నాయి.

కొన్నదెవరు?

ఈసీఐఎల్ ఇప్పటికీ పనిలోనే ఉంది. చంద్రయాన్-1 మాటలు వినడానికి బెంగళూరు దగ్గర బ్యాలాలులో నిలిపిన 32 మీటర్ల యాంటెన్నా దాని చేతిపనే. లద్దాఖ్‌లోని హాన్లేలో, 4,300 మీటర్ల ఎత్తున, గామా కిరణాలను గమనించే 21 మీటర్ల 'మేస్' టెలిస్కోప్ కూడా అదే చేసింది. 2024 అక్టోబరులో దాన్ని ప్రారంభించారు. అణు విద్యుత్ కేంద్రాలకు కావలసిన నియంత్రణ పరికరాలు సరేసరి. వీటన్నిటిలోనూ కొనేది ప్రభుత్వమే, అవసరం ప్రభుత్వానిదే.

ఇక్కడ తేలికగా రెండు తీర్పులు చెప్పేయవచ్చు. పోటీ వస్తే ప్రభుత్వ కంపెనీ నిలవదని ఒకటి. స్వావలంబనను వదిలేయడం వల్లే మన కంప్యూటర్ పోయిందని రెండోది. రెండూ సగం నిజాలే. టీడీసీ యంత్రాలు అప్పటికే ప్రపంచంలో ఉన్న వస్తువుకు మన పేరు పెట్టుకోవడానికి పుట్టినవి. ఈసీ టీవీ విషయమూ అంతే. అలాంటి వస్తువుకు ధరే ప్రాణం, ధర విషయంలో ప్రపంచం గెలిచింది. ఓటింగ్ యంత్రం సంగతి వేరు. కోట్లాది జనం, రకరకాల భాషలు, రకరకాల గుర్తులు, కరెంటు లేని బడిగది, వాగు దాటి నడిచి వెళ్లవలసిన పోలింగ్ కేంద్రం. ఈ చిక్కుముడి మనది. దీనికి బయటి నుంచి కొని తెచ్చుకునే జవాబు లేదు. సైట్ సెట్టుకు కోళ్లగూటి జాలీ ఎలా కుదిరిందో, ఓటుకు బ్యాటరీ అలా కుదిరింది. స్వావలంబన మాట నిలిచింది, సమస్య సొంతమైన చోట.

ఏన్కూరు ఈ సంస్థకు ఎప్పుడూ వినియోగదారు కాదు. టీడీసీని అది చూడలేదు. సైట్ పల్లెల జాబితా వేరే జిల్లాలది. ఈ ఊరి దాకా వచ్చింది ఊరివాళ్లెవరూ కొనని, వాళ్లకెవరూ అమ్మని వస్తువు ఒక్కటే. లోక్‌సభ, శాసనసభ ఎన్నికలప్పుడు డిస్ట్రిబ్యూషన్ సెంటర్ నుంచి బస్సులో వచ్చి, ఒక పగలు బడి బల్ల మీద కూర్చుని, సాయంత్రానికి సీలు వేయించుకుని వెళ్లిపోయే వస్తువు. ఈసీఐఎల్ చేసిందో, బెంగళూరు చేసిందో ఓటరుకు తెలియదు, తెలియనక్కర్లేదు. ఏ కేంద్రానికి ఏ యంత్రం వెళ్లాలో లాటరీ లాంటి పద్ధతిలో తేల్చేస్తారు.

కాగితం మాత్రం ఏన్కూరును విడిచిపోలేదు. గ్రామపంచాయతీ ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. అక్కడ యంత్రం లేదు. 2019 జనవరిలో జరిగిన పంచాయతీ ఎన్నికల్లో సర్పంచికి గులాబీ రంగు కాగితం, వార్డు సభ్యుడికి తెల్ల కాగితం ఇచ్చారు. మూడు నెలల తర్వాత లోక్‌సభ ఎన్నికల్లో అదే ఓటరు మీట నొక్కాడు. ఢిల్లీకీ హైదరాబాద్‌కూ ఎవరిని పంపాలో ఏన్కూరు యంత్రానికి చెబుతుంది. తన ఊరి సర్పంచి ఎవరో ఇప్పటికీ స్వస్తిక్ ముద్రతోనే తేలుస్తుంది.